సూటు వెనక సంగతి

ఆ రోజు ఉదయం ఫోటోగ్రాఫరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. షాపులు తెరిచేలోగా బావమరిదికి సూటు తొడిగి ఒక ఫోటో తీయాలి. సూటును ఎక్కడి నుంచి తెచ్చాడో అక్కడే పెట్టేయాలి. మధ్యాహ్నం ఆ ఫోటో ప్రింటు వేసుకుని, సాయంత్రం తీసుకెళ్లి గురువుగారి చేతిలో పెట్టాలి. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందని ఆయన భార్యను అడిగాడు కూడా.

"మీరున్నారుగా" అందావిడ, బట్టల సబ్బు వెతుక్కుంటూ.

కింద స్టూడియో, పైన ఇల్లు. ఆయన తీసేవి పాస్‌పోర్ట్ ఫోటోలు. "చెవులు రెండూ కనబడాలి. నవ్వకూడదు. గడ్డం కాస్త కిందికి." ఈ మూడు మాటలతోనే ఇన్నేళ్లూ సంసారం ఈదుకొచ్చాడు. ఆ చుట్టుపక్కల వీధుల్లో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన ముందు నవ్వకుండా కూర్చున్నవాళ్లే. అయితే ఆయన మనసు మాత్రం ఫ్యాషన్ ఫోటోల మీద ఉండేది. ఎవరితో ఏం మాట్లాడినా చివరికి కోటు కాలరు దగ్గరికో, చొక్కా మడత దగ్గరికో వచ్చి ఆగేవాడు. అందుకని వీధివాళ్లు 'స్టైలు మాస్టారు' అని పేరు పెట్టారు. మాస్టారు మాత్రం ఏ రోజు చూసినా అదే గోధుమరంగు చొక్కాలో ఉండేవాడు.

గురువుగారంటే ఆయనకు పాఠం చెప్పిన మనిషి కాదు. దేశమంతా పేరున్న మహిళా ఫ్యాషన్ ఫోటోగ్రాఫరు. ఇలాంటి శిష్యుడొకడు ఉన్నాడన్న సంగతే ఆవిడకు తెలియదు. ఆవిడ తీసిన ఫోటో ఏ పత్రికలో వచ్చినా ఆయన కత్తిరించి, స్టూడియోలో తెల్ల తెర వెనక గోడకు అంటించేవాడు. కస్టమర్లు తెర ముందు బిగుసుకుపోయి కూర్చుంటే, తెర వెనక ఆవిడ మనుషులు కాలర్లు ఎగరేసుకుని వానలో నడుస్తూ ఉండేవాళ్లు. వాటిలో ఒక ఫోటోలో ఒక ముసలాయన పొడుగు కోటుతో బస్టాపులో నిలబడి ఉంటాడు. ముఖం సగం నీడలోనే ఉంటుంది. అయినా ఆ కోటు భుజం మీంచి జారిన తీరు చూస్తే ఆయన ఒకప్పుడు బాగా బతికాడని, ఇప్పటికీ ఎవరికీ తలవంచడని తెలిసిపోతుంది. ఒక్క మడత కోసం రోజంతా వెలుతురుతో కుస్తీ పట్టేవాళ్లంటే ఫోటోగ్రాఫరుకు చెప్పలేనంత గౌరవం. ఆ పిచ్చి తనకూ ఉంది, దాన్ని వాడుకునే వీలే రాలేదు. పాస్‌పోర్ట్ ఫోటోలో ముఖం మీద నీడ పడితే ఆఫీసువాళ్లు తిప్పి పంపేస్తారు.

అలాంటి గురువుగారు తన ఫోటోల ప్రదర్శన పెట్టుకుని ఇప్పుడు ఈ ఊరే వచ్చారు. ఆ రోజే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి ఎవరైనా సరే తాము తీసిన ఫోటో ఒక్కటి తెచ్చి తనకు చూపించవచ్చని, నచ్చినవాళ్లను ఈ ఊళ్లో పెట్టిన తన కొత్త స్టూడియోలో పనికి తీసుకుంటానని ఆవిడ ప్రకటించారు. ఫోటోగ్రాఫరుకు ఆ ప్రకటన చూసినప్పటి నుంచి అన్నం సయించలేదు. ఇది కూడా చేజారితే ఇక తన బతుకంతా జనాల చెవులేనని ఆయనకు బాగా తెలుసు.

సూటు పక్కనున్న బట్టల షాపుది. అద్దాల కిటికీలో నిలబెట్టిన బొమ్మకు లోపలి చొక్కాతో సహా తొడిగిన నీలం సూటు. తన పాస్‌పోర్ట్ ఫోటో అందంగా వచ్చిందని నమ్మే ఏకైక మనిషి ఆ షాపు సేల్స్‌మన్. ఆ కృతజ్ఞత కొద్దీ అతను తెల్లవారగానే బొమ్మ ఒంటి మీంచి సూటు విప్పి తెచ్చిచ్చాడు.

"మా ఓనరు వచ్చేలోగా బొమ్మ మీద ఉండాలి మాస్టారూ. లేకపోతే ఆ కిటికీలో నన్నే నిలబెడతాడు" అన్నాడు.

బావమరిది ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ఆ మధ్యాహ్నం మూడింటికి అతనికి ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. ఇస్త్రీ చేసిన చొక్కా, కొత్త ప్యాంటు వేసుకుని, ఫోటో అయిపోగానే అటునుంచి అటే ఆఫీసుకు పోదామని వచ్చాడు. వచ్చి, అక్క ఇచ్చిన కాఫీ తాగుతూ ఆ సూటు చూశాడు. అంత ఖరీదైన బట్ట తన ఒంటి మీదికి వస్తోందన్న కంగారులో కప్పులో కాఫీ కాస్తా చొక్కా నుంచి ప్యాంటు దాకా ఒలకబోసుకున్నాడు.

"ఇటియ్యరా, వెంటనే ఉతికితే మరక పోతుంది. మూడింటికల్లా ఆరిపోతాయిలే" అని అక్క ఆ రెండూ ఉతికి, డాబా మీద దండేనికి ఆరేసి, గాలి ఎక్కువగా ఉందని ఒక్కోదానికి రెండేసి క్లిప్పులు పెట్టి కిందికి వచ్చింది.

బొమ్మకు గుండెలు విశాలం. బావమరిదికి ఎముకలు తప్ప వేరే ఆస్తి లేదు. సూటు తొడిగేసరికి లోపల మనిషి ఉన్నాడో లేడో వెతుక్కోవలసి వచ్చింది. ఫోటోగ్రాఫరు మాత్రం బెదరలేదు. గోడకు అంటించిన కాగితాల్లో గురువుగారు ఒకసారి చెప్పిన మాటలు కూడా ఉన్నాయి. ఫ్యాషన్ ఫోటోలో బట్టలు ఎవరికీ సరిపోవని, తామే సరిపోయేలా చేస్తామని, ముందు నుంచి చూస్తే అద్భుతంగా ఉన్న ప్రతి కోటుకూ వెనకంతా క్లిప్పులేనని ఆవిడ ఆ మాటల్లో ఒప్పుకున్నారు. ఆయన ఒక్క అంగలో డాబా ఎక్కి, దండెం మీద బట్టలకు పెట్టినవీ, ఊరికే ఉన్నవీ క్లిప్పులన్నీ పీకి జేబుల్లో పోసుకుని దిగాడు.

తర్వాత చాలాసేపు ఒకటే పని. ఆయన వెనక ఒక చోట బట్ట పట్టి క్లిప్పు పెడతాడు, ముందుకొచ్చి చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్లీ వెనక్కి పోతాడు. భుజాలకు ఎర్రవి, నడుముకు పచ్చవి, ప్యాంటుకు చెక్కవి. క్రమంగా తెర ముందు ఒక కొత్త మనిషి తయారయ్యాడు. కోటు అతని కోసమే కుట్టినట్టు భుజాల మీద కూర్చుంది. ప్యాంటు గీత గీసినట్టు నిలిచింది. బావమరిది అద్దంలో చూసుకుని గడ్డం తడుముకున్నాడు.

"బావా, ఇది నేనేనా?"

"ముందు నుంచి నువ్వే. కదలకు."

ఆయన తెల్ల తెర పక్కకు లాగేసి, జన్మలో మొదటిసారిగా కస్టమరు ముఖం మీద నీడ పడనిచ్చాడు. ఫోటో తీశాడు. కెమెరాలో చూసుకుంటే కళ్లు చెమర్చాయి. గోడ మీదున్న ఆ ముసలాయన పక్కన అంటిస్తే ఎవరూ తేడా పట్టలేరు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య టిఫిను ప్లేట్లతో లోపలికి వచ్చింది. ఆవిడ తలుపు వైపు నుంచి వచ్చింది కాబట్టి ముందుగా తమ్ముడి వీపు చూసింది.

"పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో అనుకున్నాను. ఇదన్నమాట" అంది. ఆ వెంటనే ఆవిడ గొంతు మారింది. "ఏమండీ, అవి నా క్లిప్పులేనా?"

ఎవరూ జవాబు చెప్పకముందే ఆవిడ డాబా మీదికి పరుగెత్తింది. వెనకే ఫోటోగ్రాఫరు. వాళ్లు వెళ్లేసరికి చొక్కా ఎదురింటి కరెంటు తీగల మీద చేతులు చాపుకుని ఉంది. ప్యాంటు ఇంకా గాల్లోనే ఉంది. అది తొందరేమీ లేకుండా వీధి మీద ఒక చుట్టు తిరిగి, కింద పోతున్న చెత్త బండిలో పడింది. ఆ బండి ఏ రోజూ వేళకు వచ్చిన పాపాన పోలేదు. ఆ రోజు వేళకు వచ్చి, వేళకే వెళ్లిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా బావమరిది ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి. డైరెక్టరుగారికి మధ్యాహ్నం వేరే పని పడిందట, ఇంటర్వ్యూలు పదిన్నరకే మొదలుపెడుతున్నారట, వెంటనే బయలుదేరమన్నారు.

ఫోటోగ్రాఫరుదే ఒక ప్యాంటు తెచ్చి అతనికి తొడిగి చూశారు. అది పొడవులో మోకాళ్లు దాటి కాస్త దూరం వచ్చి ఆగిపోయింది, వెడల్పులో మాత్రం ఇంకొకరికి కూడా చోటిచ్చింది. పోనీ క్లిప్పులు తీసేసి సూటుకే బెల్టు బిగిద్దామని చూస్తే గోనెసంచి మూతి కట్టినట్టు తయారైంది. ఇవన్నీ చూశాక బావమరిది మళ్లీ క్లిప్పులు పెట్టించుకుని అద్దం ముందు నిలబడ్డాడు. కోటు అంచు ఒకసారి సవరించుకున్నాడు.

"బావా, నేను ఇలాగే పోతాను."

"వెనక?"

"వెనక్కి తిరగను, అంతే. నువ్వు నా వెనకాలే అంటుకుని రా."

"నేనా? సూటు తిరిగి ఇచ్చెయ్యాలిరా! ఫోటో ప్రింటు వెయ్యాలి. సాయంత్రం గురువుగారు..."

"నువ్వు రాకపోతే ఆ ఫోటో ఎవరికీ చూపించడానికి వీల్లేదు. ముఖం నాది" అన్నాడు బావమరిది. సూటు అప్పటికే అతనికి కొంత ధైర్యం ఇచ్చింది.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఫోటోగ్రాఫరుకు మాత్రం రెండు గోతులూ ముందే ఉన్నాయి, వెనక నిలబడాల్సింది తను. కెమెరా మెడలో వేసుకుని, కెమెరా బ్యాగు బావమరిది నడుముకు అడ్డంగా పట్టుకుని బయలుదేరాడు. బట్టల షాపు ముందు నుంచి పోతుంటే కిటికీలో బొమ్మకు కర్టెను చుట్టి ఉంది. దాని పక్కనే సేల్స్‌మన్ నిలబడి, తన సూటు వీధిన పడి నడిచిపోవడం గుడ్లప్పగించి చూశాడు.

ఆఫీసు రెండు వీధుల అవతల, మూడంతస్తుల భవనం. గుమ్మంలో అటెండరు ఇద్దరినీ ఆపాడు. ఏళ్ల తరబడి చూస్తున్న గుమాస్తాను అతను గుర్తుపట్టలేదు.

"ఎవరండీ తమరు?"

"నేను ఈయన ఫోటోగ్రాఫర్ని" అన్నాడు వెనకున్నాయన. అబద్ధం ఆడటం ఆయనకు అలవాటు లేదు.

అటెండరు అప్పుడు ముందున్న ముఖం పోల్చుకున్నాడు. క్లెయిముల సెక్షన్ గుమాస్తాకు ప్రత్యేకంగా ఒక ఫోటోగ్రాఫరు! తలుపు బార్లా తెరిచి, వాళ్లు మెట్లెక్కుతుంటే లోపలికి పరుగెత్తి ఫోన్ అందుకున్నాడు. మెట్ల మీద ఫోటోగ్రాఫరు ఒక మెట్టు కింద, బ్యాగు ఎత్తి పట్టుకుని, అడుగులో అడుగు వేశాడు. మొదటి అంతస్తు చేరేసరికి ఆయన హెడ్డాఫీసు పంపిన ఫోటోగ్రాఫరయ్యాడు. రెండో అంతస్తులో, ప్రమోషన్ ఎప్పుడో ఖాయమైందని, ఫోటో ఆఫీసు పత్రికలో వేస్తున్నారని తేలింది. మూడో అంతస్తులో టైపిస్టు కుర్చీలోంచి లేచి నిలబడి, "మమ్మల్ని కాస్త గుర్తుంచుకోండి సార్" అంది. నిన్నటి దాకా ఆవిడ అతన్ని పెన్ను అడగడానికి తప్ప పలకరించలేదు.

ఇంటర్వ్యూకి వచ్చిన మిగతా ఇద్దరు గుమాస్తాలూ వరండాలో కూర్చుని ఉన్నారు. ఇతన్ని చూడగానే వాళ్ల ముఖాలు పాలిపోయాయి. ఒకతను లేచి కుర్చీ ఇచ్చాడు. బావమరిది కూర్చోలేదు.

"చూశావా, ఎంత ఎదిగినా ఎంత ఒదిగి ఉన్నాడో" అన్నాడు రెండో అతను. కూర్చుంటే చెక్క క్లిప్పులు ఎక్కడ గుచ్చుకుంటాయో అతనికి తెలియదు.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో డైరెక్టరు, ఒక పక్క రిటైరు కాబోతున్న పెద్దావిడ, ఇంకో పక్క ఎప్పుడూ మాట్లాడని ఒకాయన. ఫోన్ కబురు అప్పటికే వాళ్ల దాకా చేరింది. "ఫోటోగ్రాఫరుగారిని కూడా రమ్మనండి, దాందేముంది" అన్నాడు డైరెక్టరు టై సవరించుకుంటూ. ఇక్కడ కూర్చోక తప్పలేదు. బావమరిది కుర్చీ అంచు మీద, వీపు ఎక్కడా ఆనకుండా, నిటారుగా కూర్చున్నాడు. ఇంత శ్రద్ధగా కూర్చున్న అభ్యర్థిని ఆ గది చూడలేదు.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పబోయి అతను గుండెల నిండా ఊపిరి పీల్చాడు. వెనక టప్‌మని ఒక క్లిప్పు ఎగిరి బీరువాకు తగిలింది. ఫోటోగ్రాఫరు కంగారులో కెమెరా నొక్కాడు. ఫ్లాష్ వెలిగింది. డైరెక్టరు చిరునవ్వు నవ్వాడు. ఆ తర్వాత లెక్క అలాగే నడిచింది. క్లిప్పు ఎగిరినప్పుడల్లా ఫ్లాష్ వెలిగేది, ఫ్లాష్ వెలిగినప్పుడల్లా బోర్డు నవ్వేది.

"నన్ను కుడి వైపు నుంచి తీయండి. ఎడమ వైపు కాస్త అలసినట్టు వస్తాను" అన్నాడు డైరెక్టరు.

ఇక్కడ ఫోటోగ్రాఫరులోని కళాకారుడు కొంప ముంచాడు. డైరెక్టరు కాలరు ఒక వైపు లేచి ఉంది. అంత సేపూ ఆయన దాన్ని చూడనట్టే ఉండటానికి ప్రయత్నించాడు. ఇక వల్ల కాలేదు. వెనక కాపలా సంగతి మరిచిపోయి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆ కాలరు సరిచేశాడు. చేయి తిరిగాక ఆగుతుందా? పెద్దావిడ కళ్లజోడు ఒక పిసరు పైకి జరిపి, కిటికీ కర్టెను పక్కకు లాగి వెలుతురు ఆవిడ చెంప మీద పడేలా చేశాడు. మాట్లాడని ఆయన కోటు గుండీ పెట్టాడు. "గడ్డం కాస్త కిందికి సార్. నవ్వండి, ఇక్కడ నవ్వొచ్చు" అంటున్న ఆయన గొంతులో జీవితమంతా దాచుకున్న సంతోషం వినబడింది.

అవతల బావమరిది వీపు అనాథ అయింది. నడుము దగ్గర ముఖ్యమైన క్లిప్పు సడలుతున్నట్టు తెలిసి, అతను కుర్చీలోంచి లేచి, బోర్డు వైపే చూస్తూ అడుగు వెనక్కి అడుగు వేసి గోడకు ఆనుకున్నాడు.

"బాగా కోపంలో ఉన్న పాలసీదారు వచ్చి మీద పడితే ఏం చేస్తారు?" అని అడిగింది పెద్దావిడ, వెలుతురు పోకుండా తల కదల్చకుండానే.

"ఎదురుగానే నిలబడతానండి" అన్నాడు అతను, వెనక చేత్తో నడుము గట్టిగా పట్టుకుని. "ఏం జరిగినా వెనక్కి మాత్రం తిరగను."

డైరెక్టరు ఏదో రాసుకున్నాడు. ఇక వెళ్లవచ్చన్నాడు. బావమరిది దణ్ణం పెట్టి, బోర్డుకు వీపు చూపించకుండా, వెనక్కి నడుస్తూనే తలుపు దాకా వెళ్లాడు. మన మాట పూర్తి కాకుండానే వీపు తిప్పేసే ఈ రోజుల్లో ఇలాంటి పిల్లవాడా అని పెద్దావిడ ముచ్చటపడింది.

తలుపు తెరుచుకుని వరండాలోకి ముందుగా వీపు వచ్చింది. అభ్యర్థులిద్దరూ దిగులు పడలేక వరండా చివర టీ తాగడానికి వెళ్లారు కాబట్టి అక్కడ ఉన్నది ఇద్దరే. ఒకరు అక్క. ఇంకొకరు బట్టల షాపు యజమాని. ఆయన బొమ్మకు కట్టిన కర్టెను చూసి, సేల్స్‌మన్‌ను నిలదీసి, స్టూడియోకు వచ్చి, ఈవిడను వెంటబెట్టుకుని మండిపడుతూ వచ్చాడు. ఈవిడ మాత్రం ఆయన కోసం రాలేదు.

"అవిగో నా క్లిప్పులు! అక్కడ రెండో విడత బట్టలు బకెట్లోనే నానుతున్నాయి" అంది.

షాపు యజమాని అరవడానికి నోరు తెరిచాడు. అదే సమయానికి వరండా చివరి నుంచి అభ్యర్థులిద్దరూ, టైపిస్టూ, ఇంకా కొందరూ గబగబా వస్తున్నారు.

"ఏమనుకోకపోతే, ఈ సూటెక్కడ కొన్నారండీ? అచ్చం మీ కోసమే కుట్టినట్టుంది" అన్నాడొక అభ్యర్థి.

యజమాని తెరిచిన నోరు మూశాడు. ఒక్క గెంతులో బావమరిది వెనక్కి చేరి, అప్పుడే లోపలి నుంచి అక్కడికి పరుగెత్తుకొచ్చిన ఫోటోగ్రాఫరు భుజానికి భుజం ఆనించి నిలబడి, మెడ మాత్రం పక్కకు చాపాడు.

"మా షాపులోనే సార్. ఈ పక్క వీధే. ఎవరికైనా ఇలాగే సరిపోతుంది" అన్నాడు. ఆ తర్వాత ఫోటోగ్రాఫరు చెవిలో, "సాయంత్రం దాకా ఇతను ఇది విప్పడానికి వీల్లేదు. నలుగురూ తిరిగే చోటు ఎక్కడుంది?" అని అడిగాడు.

నలుగురూ తిరిగే చోటు ఫోటోగ్రాఫరుకు ఒక్కటే తెలుసు.

మధ్యాహ్నం ఆయన స్టూడియో తలుపు మూసుకుని ఫోటో ప్రింటు వేశాడు. కాగితం యంత్రంలోంచి నెమ్మదిగా బయటికొస్తుంటే ఆయన వంగి అంగుళం అంగుళం చూశాడు. భుజం మీది మడత, బుగ్గ మీది నీడ, అంతా గురువుగారు తీసినట్టే ఉంది. అంతకంటే గొప్ప మాట ఆయనకు తెలియదు.

ఐదింటికి ప్రదర్శన హాలులోకి నలుగురు మనుషులు ఒకే మనిషిలా వచ్చారు. ముందు సూటు, దాని వెనక ఫోటోగ్రాఫరు, షాపు యజమాని, ఇద్దరి మధ్య సందు కప్పుతూ అక్క. క్లిప్పులు చేతికొచ్చేదాకా తమ్ముణ్ని వదలనని ఆవిడ పట్టుబట్టింది. హాలులో ఫోటోలు పట్టుకొచ్చిన కుర్రకారంతా రంగు రంగుల బట్టల్లో మెరిసిపోతున్నారు. గురువుగారు మాత్రం వెలిసిపోయిన నల్ల చొక్కా, గుడ్డ బూట్లు వేసుకుని, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఫోటోగ్రాఫరు రెండు చేతులతో ఫోటో అందించాడు.

ఆవిడ చాలాసేపు చూశారు.

"బాగుంది. ఇది నేను తీసిందే కదా?"

"కాదండీ, నేనే. ఈ ఉదయమే తీశాను."

"మనిషి వేరు, అంతే. వెలుతురు నాది. నిలబెట్టిన తీరు నాది. ఈ భుజం మడత కూడా నాదే. ఇందులో మీదేదండీ?"

ఆవిడ వెక్కిరించలేదు, నిజంగానే అడిగారు. అందుకే ఆ మాట ఆయనకు ఎక్కువ బాధ కలిగించింది. ఫోటో వెనక్కి తీసుకున్నాడు. గోడల మీదున్న ఆవిడ ఫోటోలన్నీ తనను చూస్తున్నట్టనిపించింది. ఇన్నేళ్లుగా ఇంకొకరి కళ్లతో చూడటం నేర్చుకున్నానని, తన కళ్లు జనాల చెవుల దగ్గరే ఉండిపోయాయని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఏడుపు వచ్చింది గానీ యాభయ్యేళ్ల మనిషి హాలు మధ్యలో ఏడవడం బాగుండదని ఆపుకున్నాడు.

గురువుగారి చూపు అప్పటికే ఫోటోలోంచి ఎదురుగా ఉన్న మనిషి మీదికి మళ్లింది.

"ఈ సూటు ఇతనిది కాదు. ఇంత సన్నటి మనిషికి ఇంత బాగా సరిపోయిందంటే వెనక ఏదో ఉంది. ఏదీ, తిరగండి."

"నేను తిరగనండి" అన్నాడు బావమరిది. పొద్దుట్నుంచీ ఆ మాట అతనికి బాగా అచ్చొచ్చింది.

ఆవిడే లేచి అతని వెనక్కి వెళ్లబోయారు. అతను ఆవిడ వైపే తిరిగాడు. అతనితోపాటు వెనకున్న ముగ్గురూ తిరిగారు. ఆవిడ ఇటు వచ్చారు, నలుగురూ ఇటు తిరిగారు. హాలులో వాళ్లంతా చుట్టూ మూగారు. ఇలా రెండు ప్రదక్షిణలు అయ్యాక ఫోటోగ్రాఫరు భార్యకు ఓపిక నశించింది.

"చూపిస్తే పోయేదేముందండీ, పొద్దుట్నుంచీ ఈ దాగుడుమూతలు!" అని ఒక చేత్తో మొగుణ్ని, ఇంకో చేత్తో షాపు యజమానిని పక్కకు లాగేసింది.

ఎర్రవి, పచ్చవి, చెక్కవి, అన్ని క్లిప్పులూ హాలంతటికీ దర్శనమిచ్చాయి. ఒక్కసారిగా నవ్వులు. బావమరిది కళ్లు మూసుకున్నాడు. షాపు యజమాని తాను ఎవరో తెలియనట్టు గోడ మీది ఫోటోలు చూడటం మొదలుపెట్టాడు. గురువుగారు ఒక్కరే నవ్వలేదు. దగ్గరికి వెళ్లి ఒక్కో క్లిప్పూ వేలితో తాకి చూశారు.

"ఎవరు పెట్టారు ఇవి?"

"నేనేనండీ" అన్నాడు ఫోటోగ్రాఫరు తల వంచుకుని.

"ఇది ఇంత పక్కకు ఎందుకు పెట్టారు?"

"మధ్యలో పెడితే అతను ఊపిరి పీల్చినప్పుడు ముందు గుండీ దగ్గర ముడత పడుతోందండీ."

"ఇది నేను ఎక్కడా చెప్పలేదే?"

"మీ ఫోటోల్లో ముడత లేదు గదండీ. ఎలా లేదా అని చాలా ఏళ్లు ఆలోచించాను."

ఆవిడ పెన్సిలు తీసి మళ్లీ జుట్టులో గుచ్చుకున్నారు. "నా దగ్గర ఈ పని చేసే మనిషి పోయిన నెల మానేశాడు. ఫోటోలు తీసేవాళ్లు ఈ హాలు నిండా ఉన్నారు. వెనక నిలబడటం వచ్చినవాళ్లే దొరకట్లేదు. సోమవారం నుంచి రాగలరా?"

ఫోటోగ్రాఫరు తన చేతిలో ఉన్న ఫోటో వైపు చూశాడు. "మరి ఈ ఫోటో..."

"అది ఇంట్లో దాచుకోండి."

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాధపడేవాడేమో. వస్తానన్నాడు.

"పెట్టింది ఆయనేగానీ క్లిప్పులు నావండీ" అంది ఆయన భార్య, గురువుగారికి సంగతి సరిగ్గా తెలియాలని.

ఇది జరిగి కొన్ని నెలలైంది. స్టూడియోకు తాళం పడింది. తెల్ల తెర వెనక గోడకు ఇప్పుడు ఇంకో ఫోటో చేరింది. గురువుగారు తీసిందే. అందులో ఒక అమ్మాయి పొడుగు కోటు వేసుకుని గాలికి ఎదురుగా నిలబడి ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆయన దాన్ని చూపించి, ఇందులో తానెక్కడున్నాడో చెప్పమంటాడు. ఎవరూ చెప్పలేరు. "ఆ అమ్మాయి వెనక" అంటాడు, ఛాతీ విరుచుకుని.

బావమరిదికి ప్రమోషన్ వచ్చింది. కోపంగా వచ్చే పాలసీదారులతో మాట్లాడే కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలో ఎప్పుడూ సూటుతోనే ఉండాలని డైరెక్టరు ప్రత్యేకంగా చెప్పాడట. షాపు యజమాని ఆ నీలం సూటు అతనికే వదిలేశాడు. అతను రోజూ ఉదయం బావ పనికి వెళ్లేలోగా వచ్చి, వీపు అప్పగించి నిలబడి, క్లిప్పులు పెట్టించుకుని ఆఫీసుకు పోతాడు. మిగిలిన క్లిప్పులు బావ జేబులో వేసుకుని గురువుగారి దగ్గరికి పోతాడు.

అక్క మాత్రం గాలి లేని రోజు చూసి బట్టలు ఉతుకుతోంది.